ఐదు గంపల లెక్క

మా ఊళ్లో ఇరవై చేపలంటే ఇరవై ఒకటి. ఇది ఎవురూ ఎవురికీ కూర్చోబెట్టి నేర్పించరు. ఇరవై లెక్కపెట్టి తట్టలో వేసినాక పైన ఇంకొకటి పెడతాం. అది కొసరు. కొనేవాళ్లు నోరు తెరిచి అడగక ముందే పెట్టాల. అడిగినాక పెడితే దానికి విలువ లేదు. నేను పెళ్లై ఈ ఊరొచ్చిన కొత్తల్లో కొసరుకి తోక తెగిన చేపనో, చితికిన దాన్నో ఏరి పెట్టేదాన్ని. మా ఆయన చూసినాడు. "ఊరికే ఇచ్చేదాన్ని మంచిగా ఇయ్యి మే, ఇల్లు చేరేటప్పటికి వాళ్లకి గుర్తుండేది అదొక్కటే" అన్నాడు. ఆయన పోయి చానా కాలమైంది. గంప నా నెత్తికొచ్చింది. కొసరు మాత్రం ఆయన చెప్పినట్టే పెడతన్నా.

నేను చెప్తంటే దీన్ని రాసేది మా కోడలు. అది పది దాకా చదివింది. నాకు నా పేరు రాసేదీ, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కునేదీ వచ్చు, అంతే. "అరవమాకత్తా, పక్కనే ఉండా గదా" అంటా ఉంది. ఏం చేసేది? ఊరూరా తిరిగి చేపలో అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. మెల్లంగా మాట్లాడినా కొట్లాటకొచ్చినట్టే ఉంటాది. ఆ గొంతుతో బడికి పోయి నేను చేసిన గోల ఉంది చూడు, దాన్ని చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నా.

మా మనవరాలు అప్పుడు ఐదో తరగతి. వాళ్లమ్మ, అంటే ఈ రాసేది, తెల్లారకముందే రొయ్యల కంపెనీ వ్యానెక్కుతాది. వాళ్ల నాయన పడవ మీద ఉంటాడు. పిల్ల ఎప్పుడూ నా కొంగు పట్టుకునే పెరిగింది. తెలుగు బాగా చదువుతాది. రామాయణం లాగా రాగం తీసి చదువుతాది. లెక్కలంటే మాత్రం కడుపునొప్పి. నాలుగో తరగతిలో లెక్కల మార్కులొచ్చిన రోజు ఆ కాగితాన్ని బియ్యం డబ్బా కింద దాచిపెట్టింది. నాకు చదవడం రాదు గాబట్టి నాకు చూపించినా ఏమీ అయ్యేది కాదు. అయినా దాచింది.

ఐదులోకి వచ్చినాక కొత్తగా ఒక టీచరమ్మ వచ్చింది. నెల్లూరు అవతల నుంచి. చిన్న వయసు, స్కూటీ మీద వచ్చేది. చేపలు తినదు. మొదట్లో మా ఊరి గాలికే ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకునేది, పాపం. పిలకాయల ముందు బాగుండదని నాల్రోజులకే తీసేసింది. మంచి మనిషి. ఒకనాడు నన్ను గేటు దగ్గర నిలబెట్టి, "అవ్వా, మీ పాపకి ఎక్కాలు బుర్రకెక్కడం లేదు. ఇంట్లో ఏముంటే వాటితో లెక్కపెట్టించండి. గింజలో, గవ్వలో, ఏవైనా సరే" అని చెప్పింది.

మా ఇంట్లో ఏముంటాయి? చేపలుంటాయి.

ఆ రోజు నుంచి సాయంత్రం పూట ఇసకలో ఎండబెట్టిన కానాగంత చేపలు తిరగేసేటప్పుడు పిల్లని పక్కన కూర్చోబెట్టుకున్నా. వరసకి పది పరుస్తాం. ఇప్పుడు మూడు వరసలు. ఎన్ని? రెండు వరసలు తీసెయ్, ఎన్ని మిగిలినాయి? మొదట వేళ్లు మడిచేది. తర్వాత పెదాలు కదిపేది. రాను రాను చేప మీద చెయ్యి పెట్టకుండానే చెప్పేసేది. వాన మబ్బు పట్టి అన్నీ గబగబా ఎత్తాల్సి వస్తే, ఎత్తతానే లెక్క చెప్పేది. ఒకసారి కొనేవాళ్లొచ్చినప్పుడు నాకంటే ముందు అదే చెప్పేసింది. నేను తిరిగి లెక్కపెట్టుకున్నా. దానిదే సరి. "అవ్వా, నీకు వయసైపోయింది" అన్నది. నెత్తిన ఒకటిచ్చినా గానీ లోపల నాకు పండగే.

అప్పుడే ఆ పరీక్ష వచ్చింది. మామూలు బడి పరీక్ష కాదు. రాష్ట్రమంతా ఒకే పేపరు, అందరూ ఒకే పూట రాయాల. పేపర్లు సీలు వేసిన కవర్లో వస్తాయి. కాపలాకి వేరే బడి సారు వస్తాడు. దిద్దేది కూడా వేరే బడి వాళ్లే. పిల్ల పొద్దున్నే లేచి సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుంది. మళ్లీ వాసన చూసుకుని మళ్లీ కడుక్కుంది. "ఎందుకే అంత తోముడు?" అంటే, "పేపరు దిద్దే వాళ్లకి చేపల వాసన రాకూడదు" అన్నది.

మధ్యాన్నం ఎగురుకుంటా వచ్చింది. "అవ్వా, లెక్కలన్నీ చేసేసినా! మన లెక్క కూడా వచ్చింది, గంపల లెక్క! ఈసారి లెక్కల్లో నేనే ఫస్టు, చూడు." వీధంతా చెప్పుకుంది. టీ కొట్టు కాడ చెప్పింది, వల కుట్టే వాళ్ల కాడ చెప్పింది. మా ఎదురింటావిడ, "ఏం మే, మార్కులు రాకముందే మైకు పెట్టినావు" అని నవ్వింది. "మా అవ్వ గొంతే చాలు, మైకెందుకు" అని పోయింది.

మార్కులొచ్చే రోజు నేను చేపలమ్ముకుని ఇంటికొచ్చేటప్పటికి పిల్ల గోడ వైపు తిరిగి పడుకోనుంది. బ్యాగు చిలక్కొయ్యకి తగిలించి ఉంది. రోజూ దాన్ని నట్టింట్లో పారేస్తాది, తగిలించేది నేను. దాన్ని చూసే నాకు అనుమానమొచ్చింది.

"ఏందే?"

"లెక్కల మార్కులియ్యలేదు. చూసి రాసినామంట."

"ఎవురు?"

"అందరం. ఐదో తరగతి మొత్తం. గంపల లెక్కకి ఎనిమిది మందీ ఒకే తప్పు రాసినామంట. ఎవురో జవాబు చెప్తే అందరం రాసుకున్నామంట. మండలం ఆఫీసు సారు మార్కులు ఆపేసినాడు." అప్పటిదాకా గట్టిగానే ఉన్నది ఇంక ఆగలేక ఏడ్చేసింది. "నేను చూడలేదవ్వా. మా బెంచీలో నేనొక్కదాన్నే కూర్చున్నా. ఇంక నేను బడికి పోను."

ఆ మాట నాకు కొత్త కాదు. ఎందుకంటే నేనూ అట్టనే మానేసినా. రెండో తరగతిలో సుద్దముక్కల డబ్బా పోయింది. నేను తీసినానన్నారు. నేను తీయలేదు. రేపు పోతాలే, ఎల్లుండి పోతాలే అనుకుంటా ఇంట్లో కూర్చున్నా. ఎవురూ వచ్చి రమ్మని పిలవలేదు. అంతే, ఇంక పోలేదు. పెద్ద కష్టమేదో వచ్చి నా చదువు ఆగిపోలేదు. సుద్దముక్కల కాడ ఆగిపోయింది. ఇదిగో ఇప్పుడు ఈ పిల్ల గోడ వైపు తిరిగి పడుకోనుంది.

"ఏ లెక్క అది? చెప్పు నాకు" అన్నా.

"ఒక గంపకి ఇరవై చేపలు. ఐదు గంపలకి ఎన్ని చేపలు?"

నేను మనసులో వేసుకున్నా. "నూట అయిదు."

"నేనూ అదే రాసినా!"

"మరింకేంది తప్పు?"

"అదే గదా నాకూ తెలీనిది!"

మా కోడలు డ్యూటీ దిగి వచ్చింది. దాన్నీ అడిగినా. వేళ్ల మీద వేసుకుని నూట అయిదే అన్నది. ఇది రాయమాకత్తా అంటా ఉంది ఇప్పుడు. రాయి. పది చదివినదానివి నువ్వు కూడా అన్నావని రాయి. ఎదురింటావిడని అడిగినా, నూట అయిదు. వలలు కుట్టే ముసలాయన కూడా తల ఎత్తకుండానే నూట అయిదు అన్నాడు. ఇంక నాకు తిక్క రేగింది. ఊరంతా ఒకే మాట అంటంటే తప్పెట్టవుతాది? మండలంలో కూర్చున్న వాళ్లకే లెక్కలు రావనుకున్నా.

రాత్రికి టీచరమ్మ కోడలికి ఫోన్ చేసింది. శనివారం బడిలో తల్లిదండ్రుల మీటింగుంది, మండలం సారు వస్తాడు, ఏమన్నా ఉంటే ఆయన ముందే తేల్చుకుందాం, పాపని తప్పకుండా తీసుకురండి అని చెప్పింది. ఆయమ్మ గొంతు కూడా అదోలా ఉందంట. కొత్త ఉద్యోగం, మొదటి ఫలితాలు. పాపం, ఆయమ్మకి నిద్ర పట్టి ఉండదు.

శనివారం నేను గంప ఎత్తలేదు. మంచి చీర కట్టినా. దారంతా ఏం మాట్లాడాలో అనుకుంటా పోయినా. పిల్ల నా వెనకాల కొంగు పట్టుకుని వచ్చింది గానీ గేటు దగ్గర ఆగిపోయింది. "నేనీడే ఉంటా, నువ్వు పో" అన్నది.

బడి ముందర ముగ్గులేసి ఉన్నారు. ఆడోళ్లకి తాడు లాగే పోటీ పెట్టినారు. మా ఎదురింటావిడ లాగిన లాగుడికి అవతల జట్టంతా ఇసకలో కూర్చుంది. ఇంకొక రోజైతే నేనూ పోయి తాడు పట్టుకునేదాన్ని. నా కళ్లు మండలం సారు కోసం వెతుకుతున్నాయి. వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, కళ్లద్దాలు. టీచరమ్మ పక్కన నిలబడి ఉంది.

నేను ముందు దండం పెట్టాలనుకున్నా, తర్వాత నెమ్మదిగా అడగాలనుకున్నా. కోడలు కూడా, "అత్తా, మెల్లంగా" అని దారంతా చెప్తానే పక్కన వచ్చింది. కానీ నోరు తెరిస్తే వచ్చేది నా గొంతే గదా.

"సార్! మా పిలకాయలు దొంగలా? నూట అయిదు కాక ఎంతంట? చెప్పండి!"

తాడు లాగే వాళ్లు తాడొదిలేసినారు. వంట చేసే అక్క గరిటె పట్టుకుని బయటికొచ్చింది. సారు కళ్లద్దాలు తీసి నా వైపు చూసినాడు.

"మీరు పరీక్ష రాయలేదు గదమ్మా. మీకు ఆ జవాబు ఎట్ట తెలుసు?"

"తెలీకపోవడమేంది? మా ఊళ్లో ఎవురినడిగినా అదే చెప్తారు!"

వెనక నుంచి నలుగురైదుగురు, "అవును సార్, నూట అయిదే!" అన్నారు.

సారు మొహం మారిపోయింది. టీచరమ్మ వైపు తిరిగి, "అయితే పిల్లలే కాదు, జవాబు ఊరంతా పాకిందన్న మాట" అన్నాడు.

టీచరమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. కోడలు నా జబ్బ గిల్లింది. ఇంకో మాట మాట్లాడితే మొత్తానికే మునుగుతామని నాకు అర్థమైంది. నా జన్మలో మొదటిసారి నోరు మూసుకుని నిలబడినా.

అప్పుడు టీచరమ్మే ధైర్యం చేసింది. "సార్, మీ ఎదురుగానే, ఇప్పుడే లెక్కలివ్వండి. ఒకరికొకరు కనపడకుండా కూర్చోబెడదాం" అన్నది. సారు సరేనన్నాడు. ఎనిమిది మందినీ పిలిచినారు. మావాడు, మావాడు అనుకుంటా తల్లులు తోసినారు. మా మనవరాలు గేటు దగ్గర నుంచి కదల్లేదు. టీచరమ్మే ఎండలో నడుచుకుంటా గేటు దాకా పోయి, ఒంగి దాని చెవిలో ఏదో చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఏం చెప్పిందో ఇప్పటికీ నాకు చెప్పరు. నా చిన్నప్పుడు నా కోసం ఎవురైనా ఆ మాత్రం నడిచొచ్చుంటే, అనిపించింది.

పిలకాయల్ని తలా ఒక మూల గోడ వైపు తిప్పి కూర్చోబెట్టినారు. తలా ఒక పలక. సారు గట్టిగా చెప్పినాడు: "ఒక బస్సులో నలభై మంది. మూడు బస్సుల్లో ఎంతమంది?"

పలకలు పైకి లేచినాయి. అన్నిట్లోనూ నూట ఇరవై. సారు తలాడించినాడు.

"ఒక అట్టలో ముప్పై గుడ్లు. నాలుగు అట్టల్లో ఎన్ని?"

మళ్లీ అందరిదీ నూట ఇరవై. మాకు ఊపిరాడింది. సారు కొంచేపు ఆలోచించి, "ఒక గంపలో పాతిక చేపలు. నాలుగు గంపల్లో ఎన్ని?" అన్నాడు.

పలకలు లేచినాయి. ఎనిమిది పలకల్లోనూ నూట నాలుగు.

సారు లేచి నిలబడినాడు. ఒక్కొక్క మూలకీ పోయి పలక చూసినాడు. ఎవురికీ ఎవురూ కనపడరు. వచ్చి మా మనవరాలి దగ్గర ఆగినాడు. "పాపా, బోర్డు మీద చేసి చూపించు."

పిల్ల సుద్దముక్క తీసుకుంది. పాతికని నాలుగుతో హెచ్చవేసి నూరు వేసింది. సారు, "సరిపోయింది గదా, ఆపు" అన్నాడు. అది ఆపలేదు. నూరు కింద నాలుగు వేసి, గీత గీసి, నూట నాలుగు రాసింది.

"ఈ నాలుగేంది?"

"కొసరు సార్."

"ఏంటీ?"

"గంపకొకటి. పైన పెట్టేది." సారుకి తెలీలేదేమో అని జాలిగా చూసి, చేతులతో గంప చూపించి, దాని మీద ఒక చేప పెట్టినట్టు పెట్టింది. "అది పెట్టకపోతే ఎవురూ కొనరు సార్."

టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వతా ఉందో ఏడస్తా ఉందో తెలీలేదు, రెండూనేమో. సారు మాత్రం ఇంకా పట్టు వదల్లేదు.

"మరి బస్సు లెక్కలో కొసరు కలపలేదేం?"

"బస్సులో ఎవురు సార్ ఊరికే ఎక్కించుకునేది?"

"ఆడోళ్లం మేం ఎక్కతన్నాం గదే ఇప్పుడు, టిక్కెట్టు లేకుండా!" అని వెనక నుంచి మా ఎదురింటావిడ అరిచింది. "మమ్మల్ని కలపలేదా, ఏం మే?"

ఇంక చూడు, వరండా మొత్తం పడీ పడీ నవ్వింది. సారు కుర్చీలో కూలబడి కళ్లద్దాలు తుడుచుకుంటా నవ్వినాడు. నవ్వాగినాక, "మాది మాగాణి పక్క, వడ్లు పండించే ఇల్లు" అన్నాడు. "మా నాయన వడ్లు కొలిచి పోసినాక దోసెడు పైన పోసేవాడు. అది నాకు గుర్తే రాలేదు చూడండి." నా వైపు తిరిగి, "అమ్మా, మీ పిల్లలు చూసి రాయలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటన్నా" అన్నాడు. ఆయన్ని నేను దారంతా ఏమేమి తిట్టుకుంటా వచ్చినానో దేవుడికే తెలుసు. అవన్నీ నేనూ వెనక్కి తీసుకున్నా.

అయితే ఆ ఒక్క మార్కు మాత్రం ఇయ్యనన్నాడు. "పేపర్లో కొసరు అని లేదు. అక్కడ ఇరవై అంటే ఇరవయ్యే, జవాబు నూరే" అన్నాడు. నేను మళ్లీ నోరు తెరవబోతే మనవరాలే, "సరే సార్" అనేసింది. అందరికీ పోయింది గాబట్టి ఎవురికీ పోనట్టే అని తర్వాత నాకు చెప్పింది. అందరి మార్కులూ అక్కడికక్కడే చదివినారు. లెక్కల్లో మా మనవరాలే మొదట. రెండోవాడు ఎదురింటావిడ కొడుకు. "ఒక్క మార్కు తేడానే, అది మావాడు తాడు లాగడానికొచ్చి పోగొట్టుకున్నాడు" అని ఆవిడ ఇప్పటికీ అంటాది. తాడు లాగడానికీ మార్కుకీ ఏం సంబంధమో ఆవిడకే తెలియాల.

అందరం బడిలోనే అన్నం తిన్నాం, గుడ్డు పెట్టినారు. పోయేటప్పుడు సారు, "ఇంత విన్నాక చేపలు కొనకుండా ఎట్ట పోతాను" అని మా ఇంటి ముందర కారాపినాడు, వెనకాలే టీచరమ్మ స్కూటీ ఆపింది. ఎండు కానాగంతలు ఇరవై కావాలన్నాడు. నేను లేవబోతే పిల్ల, "నువ్వుండవ్వా" అని తనే కూర్చుంది. ఒక్కొక్కటే లెక్కపెట్టి ఇరవై కవర్లో వేసి, మూతి ముడేసి, ఆయన చేతికిచ్చింది.

సారు కవరు చూసినాడు, పిల్లని చూసినాడు. "కొసరేదమ్మా?"

"పేపర్లో ఇరవై అంటే ఇరవయ్యే అన్నారు గదా సార్."

నాకు పై ప్రాణాలు పైనే పోయినాయి. టీచరమ్మ స్కూటీ మీద నుంచి పడినంత పనైంది. సారు మాత్రం చేతులు జోడించినాడు. "తల్లీ, అది బడి లెక్క. గేటు దాటి వచ్చేసినాం. ఇక్కడ మీ ఊరి లెక్కే చెయ్యి."

పిల్ల మళ్లీ తట్ట ముందర కూర్చుంది. ఈసారి ఊరికే చెయ్యి పెట్టలేదు. పైవి పక్కకి జరిపి, కిందవి తిరగేసి, వెడల్పాటిది, తోక చెదరనిది ఒకటి ఏరింది. ముడి విప్పి పైన పెట్టింది. వాళ్ల తాత చెప్పిన మాట దానికి నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ తర్వాత ఆ బడిలో ఏ లెక్క ఇచ్చినా పిలకాయలు ముందు, "బడి లెక్కా, ఊరి లెక్కా టీచర్?" అని అడిగేవాళ్లంట. టీచరమ్మ ఇప్పటికీ చేపలు తినదు గానీ, వాళ్లమ్మ కోసం నా దగ్గరే కొనుక్కుని పోతాది. ఇరవైకి ఇరవై ఒకటి లెక్కపెట్టుకునే పోతాది.

ఆ మీటింగైన సోమవారం పొద్దున్నే నేను గంప సర్దుకుంటా ఉండా. పిల్ల నాకు సాయంగా నాలుగు చేపలందించింది, చిలక్కొయ్య మీద బ్యాగు అందుకుంది, చెప్పులేసుకుంది.

"చేతులు కడుక్కో మే, వాసన!" అని అరిచినా.

"ఉండనీలే అవ్వా" అంటా బ్యాగు ఊపుకుంటా పోయింది.